‘రాష్ట్రం’ వరుస చివర విరిగితే: పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ చెప్పాయి. ఫోను మీద, కంప్యూటర్ తెర మీద తెలుగు వరుస సరిగ్గా నిలబడటం లేదని. ఈ విషయం నాకు చిన్నప్పటి నుంచీ దగ్గరిది. మా నాన్నగారు గుంటూరు అరండల్‌పేటలో ఒక చిన్న ప్రెస్సులో కంపోజిటర్. బడి వదిలాక నేను ఆ అక్షరాల కేసుల పక్కనే కూర్చుని పాఠాలు చదువుకునేదాన్ని. ఇప్పుడు విజయవాడలో పగలంతా ఉద్యోగం. రాత్రి భోజనాలయ్యాక ఓపెన్ సోర్స్ బ్రౌజర్లలో మాటలను వరుసలుగా పేర్చే భాగానికి తెలుగు పరీక్షలు రాస్తాను. అందుకే ఈసారి కొన్ని జవాబులు పొడవుగా ఉంటాయి, ఓపికతో చదవండి.

*

*అమ్మాయీ, నేను ముప్పై ఆరేళ్లు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి. మనవరాలు ఫోనులో చూపించిన ఒక వ్యాసంలో, సన్నని పట్టిక గడిలో ‘రాష్’ అని ఒక వరుసలోనూ, ‘ట్రం’ అని కింది వరుసలోనూ ఉంది. ‘రాష్ట్రం’ అని పోల్చుకోవడానికి నాకే క్షణం పట్టింది. మాటను ఇలా విరిచే కంపోజిటర్‌ను మా రోజుల్లో ప్రూఫు దిద్దేవారు ఊరుకునేవారు కాదు. బ్రౌజర్‌లో ఈ నిర్ణయం ఎవరిది?*
– విశ్రాంత తెలుగు పండితులు, బ్రాడీపేట, గుంటూరు

మాస్టారూ, నమస్కారం. మీ కోపం న్యాయమైనది. జవాబు మాత్రం కొంచెం వెనక నుంచి ఎత్తుకోవాలి.

మీకూ నాకూ ‘రాష్ట్రం’ రెండు అక్షరాల మాట. కంప్యూటర్ దాన్ని ఎనిమిది సంకేతాలుగా దాచుకుంటుంది: ర, దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు, ర, సున్న. ఒత్తు అనేదానికి ఆ నిల్వలో విడిగా చోటు లేదు. పొల్లు తర్వాత హల్లు వస్తే దాన్ని ఒత్తుగా చూపించాలన్నది పేజీని తెర మీద గీసే సమయంలో తేలుతుంది. నాన్నగారి కేసులో ఒత్తులకు వేరే గళ్లు ఉండేవి, చూడకుండానే చెయ్యి అక్కడికి వెళ్లేది. ఇప్పుడు ఆ గళ్లు ఫాంటు లోపల ఉన్నాయి. ఏ సంకేతాలకు ఏ ఆకారం తీయాలో నిర్ణయించే ప్రోగ్రాము విడిగా ఉంది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్ మూడూ హార్ఫ్‌బజ్ అనే ఒకే ఓపెన్ సోర్స్ లైబ్రరీని ఇందుకు వాడతాయి. ఇంజినీర్లు ఈ పనిని షేపింగ్ అంటారు. నాకు సీసం అక్షరాల పోత గుర్తొస్తుంది కాబట్టి ఇక్కడ పోత అనే రాస్తాను.

ఇక విరుపు సంగతి. ఎనిమిది సంకేతాల్లో ఏవి ఒకదాన్నొకటి వదలకూడదో చెప్పే సాధారణ నియమాలను, లిపులన్నిటి అక్షరాలకు ఈ సంకేతాలు కేటాయించే యూనికోడ్ సంస్థ రాస్తుంది. ఆ నియమాల్లో చాలా ఏళ్ల పాటు పొల్లు తన ముందున్న హల్లుకు మాత్రమే చెందేది. ‘ష్’ దగ్గర ఒక ముక్క పూర్తయిపోయేది, తర్వాతి ‘ట’తో దానికి సంబంధం లేనట్టు. ఆ లెక్కన మీ మాటలో నాలుగు ముక్కలు: రా, ష్, ట్, రం. మీరు చూసిన వరుస సరిగ్గా రెండో ముక్క తర్వాత విరిగింది. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1 ఈ నియమాన్ని మార్చింది. తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపుల్లో పొల్లు తర్వాత హల్లు వస్తే రెంటినీ విడదీయకూడదని చెప్పింది. ఈ కొత్త లెక్కలో ముక్కలు రెండే: రా, ష్ట్రం. మీరు పిల్లలకు చెప్పిన లెక్కే అది. తెలుగు లిపి యూనికోడ్‌లో 1991 నాటి మొదటి కూర్పు నుంచీ ఉంది. ఈ ఒక్క నియమం చేరడానికి అంత కాలం పట్టిందంటే నాకు బాధగానే ఉంటుంది. అయినా చేరింది.

నియమం మారగానే బ్రౌజర్లు మారవు. ప్రతి బ్రౌజర్ లోపలా ఈ నియమాల పట్టికల నకలు ఒకటి ఉంటుంది, దాన్ని ఎవరో ఒకరు కొత్తదానితో మార్చాలి. కొన్ని ప్రోగ్రాముల్లో ఒకే పనికి రెండు మూడు చోట్ల వేర్వేరు నకళ్లు కూడా ఉంటాయి. కర్సరు ఒక నకలును, వరుస విరిచే భాగం ఇంకో నకలును చూస్తాయి. మీ ఉత్తరం వచ్చిన రాత్రి నేను ఒక సన్నని గడి తయారు చేసి అందులో రాష్ట్రం, లక్ష్మి, మత్స్యకారుడు, స్త్రీ అనే మాటలు పెట్టి నా దగ్గరున్న బ్రౌజర్లన్నిటిలో తెరిచాను. ఒకదాంట్లో బాణం మీట నొక్కితే కర్సరు ‘స్త్రీ’ని ఒక్క అంగలో దాటింది. అదే బ్రౌజర్ అదే మాటను వరుస చివర రెండుగా విరిచింది. ఒక భాగానికి తెలిసింది పక్క భాగానికి తెలియకపోవడం అంటే ఇదే.

ఇంకో మెలిక ఉంది. బ్రౌజర్ మాటను ముందు పోత పోస్తుంది, వెడల్పు కొలుస్తుంది, వరుసలో పట్టకపోతే అప్పుడు విరుస్తుంది. పోసిన అక్షరాన్ని మధ్యలో కోస్తే రెండు వైపులా ఆకారాలు మారవచ్చు. అందుకని ఎక్కడ కోస్తే మళ్లీ పోయవలసి వస్తుందో ఆ చోట్లకు హార్ఫ్‌బజ్ ఒక హెచ్చరిక గుర్తు పెడుతుంది. ఈ ఏర్పాటు 2017లో వచ్చింది. గుర్తు లేని చోట కోస్తే పాత కొలతలే పనికొస్తాయి, వేగం కలిసొస్తుంది. గుర్తున్న చోట కోయవలసి వస్తే అక్కడి ముక్కను తిరిగి పోయాలి. ఈ గుర్తు చెప్పేది ఆకారం సంగతి మాత్రమే. విరవడం భాషకు సమ్మతమా కాదా అన్నది దానికి తెలియదు. అది యూనికోడ్ పట్టిక పని. రెంటినీ అడిగినప్పుడే తెలుగు వరుస నిలబడుతుంది.

మామూలు వ్యాసంలో ఈ సమస్య మీకు కనిపించదు. తెలుగు మాటల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి బ్రౌజర్ అక్కడే విరుస్తుంది. మాట లోపల విరవడానికి పేజీ తయారుచేసినవారు అనుమతి ఇచ్చి ఉండాలి. ఆ అనుమతుల్లో ‘బ్రేక్-ఆల్’ అనేది ఒకటి ఉంది. మాట మొత్తం కింది వరుసలో హాయిగా పట్టే అవకాశం ఉన్నా, అది ఇక్కడే విరిచేస్తుంది. మీ మనవరాలితో ఆ సైటు వారికి రెండు ముక్కలు రాయించండి: ‘బ్రేక్-ఆల్’ తీసేసి ‘ఓవర్‌ఫ్లో-ర్యాప్’ వాడితే, మరీ చోటు చాలనప్పుడు మాత్రమే మాట విరుగుతుంది. ఫోనులో బ్రౌజర్‌ను కొత్త కూర్పుకు మార్చమని కూడా చెప్పండి. అప్పటికీ విరిగితే తెర బొమ్మతో పాటు ఆ వాక్యాన్ని అక్షరాలుగా కూడా నాకు పంపండి. బొమ్మలో సంకేతాలు కనిపించవు, పరీక్ష రాయడానికి నాకు సంకేతాలు కావాలి.

*

*రెండో తరగతి పిల్లలకు ఒత్తులు నేర్పడానికి ఒక వెబ్ పేజీ చేస్తున్నాను. ‘అమ్మ’లో మ ఒత్తు ఒక్కటే ఎర్రగా కనిపించాలి. ఒత్తు చుట్టూ ట్యాగు పెడితే ఒక పేజీలో బాగానే వచ్చింది, ఇంకో పేజీలో ఒత్తు ఊడిపోయి పక్కన చుక్కల సున్న కనిపిస్తోంది. నా తప్పు ఎక్కడ?*
– ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు, తెనాలి

టీచరు గారూ, పిల్లల కోసం మీరు తలపెట్టిన ఈ పని నాకు ఎంతో నచ్చింది. ట్యాగును మీరు పెట్టిన చోటు సరైనదే: అ, మ రెండూ బయట, పొల్లు, రెండో మ లోపల.

ఆ చుక్కల సున్న ఒక ఫిర్యాదు లాంటిది. పొల్లుకు ముందు హల్లు ఏదీ కనిపించనప్పుడు, దాన్ని నిలబెట్టడానికి ఆధారంగా పోత ప్రోగ్రామే ఆ సున్నను చేరుస్తుంది. అంటే మీ రెండో పేజీలో బ్రౌజర్ ట్యాగు దగ్గర మాటను తెంచి రెండు ముక్కలనూ విడివిడిగా పోసింది. సీఎస్‌ఎస్ (వెబ్ పేజీ రూపురేఖలను చెప్పే భాష) ప్రమాణం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. మారింది రంగు మాత్రమే అయితే ట్యాగు మధ్యలో ఉన్నా మాటను ఒక్కటిగానే పోయాలి. ట్యాగు దగ్గర పక్క ఖాళీ గానీ, అంచు గీత గానీ ఉంటే పోత అక్కడ తెగుతుంది. ఫాంటు మారినా, పరిమాణం మారినా, అక్షరం బొద్దు చేసినా బయటి మ ఒక పోత, లోపలి ఒత్తు ఇంకో పోత అవుతాయి. మీ రెండో పేజీలో ఎరుపుతో పాటు ‘బోల్డ్’ కూడా పెట్టారేమో చూడండి, లేదా ట్యాగుకు రెండు పిక్సెళ్ల ‘ప్యాడింగ్’ ఉందేమో. పిల్లలకు కొట్టొచ్చినట్టు కనపడాలని మనం చేసే మొదటి రెండు పనులు అవే. రంగు ఒక్కటే ఉంచి మిగతావి తీసేయండి.

క్రోమ్ లోపలి బ్లింక్ ఇంజిన్ పేర్పు విభాగాన్ని 2019లో కొత్తగా రాసిన రూపంతో మార్చినప్పుడు, ట్యాగుల హద్దులు దాటి మాటను ఒక్కటిగా పోయడం ఆ మార్పుతో వచ్చిన మేళ్లలో ఒకటి. అక్షరాలు గొలుసుగా అల్లుకునే అరబిక్‌కు దీని అవసరం ఎంతో, ఒత్తులు కిందికి దిగే తెలుగుకు కూడా అంతే.

ఒక పరిమితి ముందే చెబుతాను, పిల్లల ముందు ఇబ్బంది పడకుండా. ఒత్తు ఫాంటులో విడి ఆకారంగా ఉంటేనే విడి రంగు వస్తుంది. ‘క్ష’ ఒకే బొమ్మగా ఉంటుంది, అందులో ష భాగానికి మాత్రం రంగు వేయమంటే కుదరదు. కొన్ని ఫాంట్లలో ఇంకొన్ని జంటలు కూడా అలాగే ఉంటాయి. మీ పాఠంలోని మాటలన్నీ ఒకసారి తెర మీద చూసుకుని, కుదరని వాటికి బొమ్మ గీసి పెట్టండి.

*

*పెళ్లి శుభలేఖలను వెబ్ పేజీలుగా చేస్తాను. ‘జ్యోత్స్న’ అనే వధువు పేరులో కింది ఒత్తు సగం తెగిపోయింది. ఫాంటు మార్చినా అంతే.*
– డిజైనర్, మంగళగిరి

పెట్టె ఎత్తును మీరు పిక్సెళ్లలో బిగించి, మిగిలింది దాచమని చెప్పి ఉంటారు. ఇంగ్లీషు అక్షరాలను చూసి పెట్టిన, అక్షరం పరిమాణానికి 1.2 రెట్ల వరుస ఎత్తు తెలుగుకు చాలదు. ఒకదాని కింద ఒకటిగా రెండు ఒత్తులు దిగే మాటకు అసలే చాలదు.

ప్రెస్సులో వరుసకూ వరుసకూ మధ్య పెట్టే సీసపు పట్టీని లెడ్డు అనేవారు. ఆ పట్టీ వరుస కింద కూర్చుంటుంది, ఎన్ని పట్టీలు వేస్తే ఒత్తులకు అంత చోటు. బ్రౌజర్ అలా చేయదు. మీరు అదనంగా ఇచ్చిన ఎత్తును రెండు సమ భాగాలు చేసి సగం పైన, సగం కింద వేస్తుంది. మనకు చోటు కావలసింది కింద. అందుకని ఒత్తుకు పది పిక్సెళ్లు దొరకాలంటే మొత్తం ఇరవై ఇవ్వాలి. తెలుగు పాఠ్యానికి నేను 1.6 కంటే తక్కువ ఎప్పుడూ పెట్టను, పెద్ద పేర్లకు 1.8 పెడతాను. అంకె పక్కన పిక్సెల్ లాంటి కొలమానం లేకుండా ఉత్త సంఖ్యగా రాయండి, అక్షరం పరిమాణం మారినప్పుడు వరుస ఎత్తూ దానితో పాటు మారుతుంది. పెట్టెకు ఎత్తు బిగించడం మానేసి కనీస ఎత్తు చెప్పండి.

ఒకే వరుసలో తెలుగు పేరూ, ఇంగ్లీషు డిగ్రీ వస్తే ఆ వరుస మిగతావాటికంటే లావుగా కనపడటం కూడా ఇందుకే. రెండు ఫాంట్లు, రెండు రకాల ఎత్తులు. వరుస ఎత్తును ఉత్త సంఖ్యగా చెబితే ఆ ఎగుడుదిగుడు చాలావరకు తగ్గుతుంది.

*

*నేను టైపు చేసినప్పుడు ‘సాఫ్ట్‌వేర్’ సరిగ్గానే ఉంటుంది. సైటులో పెట్టాక ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది. కంటికి కనిపించని అక్షరం ఏదో ఉందని, 2018లో ఫోన్లను ఆపేసింది అదేనని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా?*
– ప్రూఫ్‌రీడర్, సత్యనారాయణపురం, విజయవాడ

కనిపించని సంకేతం ఉన్నమాట నిజం. ‘ట్’ తర్వాత వచ్చే ‘వే’ ఒత్తుగా మారకుండా అది అడ్డుపడుతుంది. మీ సైటు నడిపే ప్రోగ్రాము అనవసరమైన ఖాళీలను తుడిచేటప్పుడు దీన్నీ చెత్త అనుకుని తుడిచేస్తోంది. దాన్ని రాసినవారిని ఆ సంకేతాన్ని వదిలేయమని అడగండి. దానికి వెడల్పు లేదు, వరుస కూడా అక్కడ విరగదు. దీనిలాగే కనపడని మరో సంకేతం, సున్నా వెడల్పు ఖాళీ, వరుస విరవడానికి అనుమతి ఇస్తుంది. రెంటినీ కలగలపకండి.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను ఆపేసింది ‘జ్ఞా’. మామూలు ‘జ్ఞా’ కాదు, ఞ తర్వాత, దీర్ఘానికి ముందు మీరు చెప్పిన అడ్డు సంకేతం చేరినది. ఐఓఎస్ 11.2.5లో పోత పోసే భాగం ఆ వరుసను ఊహించలేదు, దాన్ని చూపించబోయిన యాప్ మూతపడేది. అదే నెల 19న 11.2.6 కూర్పుతో సరిచేశారు. అప్పట్లో పేపర్లు, టీవీలు ‘ప్రమాదకరమైన తెలుగు అక్షరం’ అన్నట్టు మాట్లాడితే నాకు చాలా కష్టమేసింది. అక్షరంలో ఏ దోషమూ లేదు. ఆ ప్రోగ్రామును తెలుగులో తగినంతగా పరీక్షించలేదు, అంతే.

*

*గవర్నర్‌పేటలో ఇరవై ఏళ్లుగా డీటీపీ చేస్తున్నాను. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పుస్తకాలు కట్టినవాణ్ణి. ఇప్పుడు అవే పుస్తకాలు వెబ్‌లో పెట్టమంటున్నారు. రెండు వైపులా సమంగా జస్టిఫై చేస్తే మాటల మధ్య గుంటలు పడుతున్నాయి. నేను చేత్తో సర్దే పని బ్రౌజర్ ఎందుకు చేయదు?*
– డీటీపీ ఆపరేటర్, విజయవాడ

అన్నా, మీ చేతి పని విలువ తెలిసిన ఇంట్లో పెరిగాను. నాన్నగారు స్టిక్కులో వరుస పేర్చి, చివరి మాట పట్టకపోతే వెనక్కి వెళ్లి స్పేసులు మార్చేవారు. ఒక్కోసారి పై వరుస కూడా విప్పేవారు. బ్రౌజర్ వెనక్కి వెళ్లదు. మాటలు వచ్చిన క్రమంలో వరుస నింపి, పట్టని మాటను కిందికి తోసి ముందుకు పోతుంది. మిగిలిన చోటును ఖాళీలకు పంచుతుంది.

పేరా మొత్తాన్ని ఒకేసారి చూసి మంచి విరుపులు ఎంచే పద్ధతి కొత్తదేమీ కాదు. డొనాల్డ్ కనూత్, మైకేల్ ప్లాస్ 1981లోనే ప్రచురించారు. టెక్ అనే అచ్చుకూర్పు ప్రోగ్రాము దానితోనే నడుస్తుంది. బ్రౌజర్ కష్టం వేరు. పుస్తకం పేజీ వెడల్పు ఒకసారి నిర్ణయిస్తే మారదు, ఫోనును అడ్డంగా తిప్పితే వందల పేరాలు క్షణంలో మళ్లీ పేర్చాలి. అందుకే ఇన్నాళ్లూ వేగం వైపే మొగ్గారు. 2023లో క్రోమ్ ‘టెక్స్ట్-ర్యాప్’ అనే ఆజ్ఞలో కొత్త విలువలు తెచ్చింది. ‘బ్యాలెన్స్’ శీర్షికల వరుసలను దాదాపు సమానంగా పంచుతుంది, ‘ప్రెటీ’ పేరా చివర ఒంటరి మాట మిగలకుండా చూస్తుంది. ‘బ్యాలెన్స్’ను ఫైర్‌ఫాక్స్ కూడా అదే ఏడాది డిసెంబరులో చేర్చుకుంది. మీ అధ్యాయాల పేర్లకు వెంటనే వాడుకోండి.

ఇవి ఉన్నా గుంటలు పోవు, ఎందుకంటే సమస్య మూలం మన మాటల పొడవు. ‘చేయవలసివచ్చినప్పటికీ’ ఒకే మాట. సన్నని వరుసలో మూడు మాటలు పడితే వాటి మధ్య ఉండేవి రెండే ఖాళీలు. నాలుగు అక్షరాల చోటు మిగిలిందంటే ఒక్కో ఖాళీ మీద రెండక్షరాల భారం. అదే వెడల్పులో ఇంగ్లీషు మాటలు ఆరేడు పడతాయి, భారం పంచుకునే ఖాళీలు ఎక్కువ. మన దినపత్రికల సన్నని కాలాల్లో మాటను మధ్యలో విరిచి, అడ్డగీత కూడా లేకుండా కింది వరుసలో కొనసాగించడం మీరు చూసే ఉంటారు. ఆ అలవాటు ఈ అవసరంలోంచి పుట్టిందే.

బ్రౌజర్‌లో దానికి దారి ఉంది. పేజీ భాష తెలుగు అని ముందు ప్రకటించాలి, ‘హైఫన్స్’ను ‘ఆటో’ చేయాలి. తెలుగు మాటలు ఎక్కడ విరవవచ్చో చెప్పే నమూనాల పట్టిక ఆ బ్రౌజర్ దగ్గర ఉంటే అది విరుస్తుంది, లేకపోతే ఏమీ చెప్పకుండా ఊరుకుంటుంది. విరిచిన చోట గీత వద్దనుకుంటే ‘హైఫనేట్-క్యారెక్టర్’కు ఖాళీ విలువ ఇవ్వండి, మన పత్రికల పద్ధతి వస్తుంది. ఇంత చేసినా ఫోను వెడల్పులో జస్టిఫై చేయవద్దని నా గట్టి సలహా. ఎడమ వైపు సమంగా పెట్టి కుడి వైపు వదిలేయండి. వెడల్పు తెర మీద మాత్రమే జస్టిఫై చేయండి.

అన్నిటికంటే ముఖ్యమైనది చివర చెబుతున్నాను. పాత ఫాంట్లతో టైపు చేసిన పాఠ్యాన్ని అలాగే వెబ్‌లో పెట్టకండి. అవి తెలుగు ఆకారాలను ఇంగ్లీషు అక్షరాల, విరామ చిహ్నాల స్థానాల్లో దాచాయి. మీకు అక్కడ ఒక గుడి దీర్ఘమో ఒత్తో కనిపిస్తుంది, బ్రౌజర్‌కు మాత్రం ఒక అడ్డగీతో బ్రాకెట్టో కనిపిస్తుంది. అడ్డగీత తర్వాత వరుస విరవచ్చన్నది దాని నియమం కాబట్టి అక్షరం మధ్యలో విరుస్తుంది. ఈ దోషాన్ని ఏ బ్రౌజరూ బాగుచేయలేదు. ముందు యూనికోడ్‌లోకి మార్చండి, మార్చాక ఒత్తులు, పొల్లులు మీ కళ్లతో ఒకసారి దిద్దండి. ఇరవై ఏళ్ల పుస్తకాలు మీ చేతిలో ఉన్నాయి. అవి వెతికితే దొరికే తెలుగుగా మారడం ఆ దిద్దుబాటు మీదే ఆధారపడి ఉంది.

*

*ఇంజినీరింగ్ మూడో ఏడాది. రస్ట్ భాష కొంచెం నేర్చుకున్నాను. తెలుగు కోసం ఏదైనా ఓపెన్ సోర్స్ బ్రౌజర్‌లో పని చేయాలని ఉంది. అక్షరాల శాస్త్రం నాకేమీ తెలియదు. ఎక్కడ మొదలుపెట్టాలి?*
– విద్యార్థిని, తాడేపల్లి

తెలుగు చదవడం వచ్చు కదా, మొదలుపెట్టడానికి అది చాలు. రస్ట్ వస్తే, ఆ భాషలోనే రాస్తున్న సర్వో అనే బ్రౌజర్ ఇంజిన్ చూడండి. 2012లో మొజిల్లా పరిశోధనగా మొదలైంది, 2020 నవంబరులో లినక్స్ ఫౌండేషన్ నీడకు చేరింది, 2023 నుంచి ఇగాలియా సంస్థ ఇంజినీర్లు దాని మీద గట్టిగా పనిచేస్తున్నారు. పేర్పు విభాగాన్ని అందులో రెండుసార్లు రాశారు. 2013 నాటి పాతదాన్ని వదిలి, 2020 పేరుతో పిలిచిన కొత్తదాన్ని ఎంచుకున్నారు. ఇంకా కడుతున్న ఇల్లు కాబట్టి కొత్తవారికి పని దొరుకుతుంది, ఫైర్‌ఫాక్స్ అంత పెద్దది కాదు కాబట్టి చదివితే అర్థమవుతుంది.

అయితే మొదటి నెల కోడు రాయకండి, పరీక్షలు రాయండి. బ్రౌజర్లన్నీ కలిసి వాడుకునే పరీక్షల భాండాగారం ఒకటి ఉంది, వెబ్ ప్లాట్‌ఫామ్ టెస్ట్స్. ఎవరైనా రాయవచ్చు. మీ పరీక్ష అక్కడ చేరితే సర్వో, ఫైర్‌ఫాక్స్, క్రోమ్, సఫారీ అందరి ముందూ నిలబడుతుంది.

అందులో పేర్పు పరీక్షలు చాలావరకు అహెం అనే ఫాంటుతో రాస్తారు. దానిలో దాదాపు ప్రతి అక్షరమూ ఒకే కొలత నల్ల చదరం, వరుస గీతకు పైన 80 పాళ్లు, కింద 20 పాళ్లు. లెక్కకు చాలా మంచిది, పిక్సెలు తేడా ఉన్నా దొరికిపోతుంది. ప్రెస్సులో ఖాళీలు నింపే క్వాడ్రాట్లలాగా ఉంటుందని మొదటిసారి చూసినప్పుడు ముచ్చటపడ్డాను. కానీ చదరానికి ఒత్తు ఉండదు. గుడి ఉండదు. చదరాలతో అన్ని పరీక్షలూ నెగ్గిన వరుస, ‘మత్స్యకారుడు’ దగ్గర ఓడిపోవచ్చు. మీరు పూరించవలసిన వెలితి అదే.

నా మొదటి పరీక్షను చూసిన వ్యక్తి వేరే దేశంలో ఉంటారు, తెలుగు ఎప్పుడూ చూడలేదు. ఒత్తు అంటే ఏమిటని, విడిపోతే చదివేవారికి నష్టం ఏమిటని అడిగారు. నాలుగు మాటలు కాగితం మీద రాసి, సరైన విరుపు ఆకుపచ్చ గీతతో, తప్పు విరుపు ఎర్ర గీతతో చూపించి ఫోటో తీసి పంపాను. మర్నాటికి ఒప్పుకున్నారు. వాళ్లకు మన మీద చిన్నచూపు లేదు. మన లిపి తెలియదు, చెప్పేవారు కావాలి. ‘తెలుగు సరిగ్గా రావడం లేదు’ అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఏ మాట, ఏ వెడల్పు, ఏం వచ్చింది, ఏం రావాలి, ఈ నాలుగూ రాస్తే పని కదులుతుంది.

మీ మొదటి పరీక్ష ఇలా రాయండి. రెండు పేజీలు. మొదటి పేజీలో ఒక్క పిక్సెలు వెడల్పు పెట్టె, మాట ఎక్కడైనా విరగవచ్చన్న అనుమతి, లోపల ‘రాష్ట్రం’. చోటు లేదు కాబట్టి విడదీయదగిన ప్రతి ముక్కా ఒక్కో వరుసలోకి దిగుతుంది. రెండో పేజీలో ‘రా’ అని రాసి, వరుస మీరే విరిచి, కింద ‘ష్ట్రం’ అని రాయండి. రెండు పేజీల బొమ్మలూ ఒకటే కావాలన్నది పరీక్ష. పాత పట్టిక వాడే బ్రౌజర్ మొదటి పేజీలో నాలుగు వరుసలు చూపిస్తుంది, వెంటనే దొరికిపోతుంది. పరీక్షతో పాటు ఫాంటు కూడా పంపండి, నోటో సాన్స్ తెలుగు లైసెన్సు అందుకు ఒప్పుకుంటుంది. ఫాంటు లేని యంత్రంలో రెండు పేజీల్లోనూ ఖాళీ డబ్బాలే కనిపిస్తాయి, అప్పుడు పోత సరిగ్గా ఉందో లేదో ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత ‘స్త్రీ’, ‘లక్ష్మి’, చివర ‘సాఫ్ట్‌వేర్’. ఈ చివరిది జాగ్రత్త: కనిపించని సంకేతం ఉన్న చోట ఏ ముక్క ఎక్కడ ముగుస్తుందో ముందు యూనికోడ్ నియమం చదివి, కాగితం మీద రాసుకుని, అప్పుడు రెండో పేజీ తయారు చేయండి.